కాంకర్డ్ తత్త్వశాస్త్ర పాఠశాల: తొమ్మిది వేసవులు నడిచిన బడి ఎందుకు ఆగింది?

క్లుప్తంగా: అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, కాంకర్డ్ అనే చిన్న ఊళ్లో 1879 నుంచి 1887 వరకు తొమ్మిది వేసవుల్లో తత్త్వశాస్త్ర ఉపన్యాసాలు జరిగాయి. ప్రవేశ పరీక్ష లేదు, పట్టా లేదు, ఆడా మగా తేడా లేదు. జనం రాక మూతపడిన బడి కాదిది. కొద్దిమంది పెద్దవాళ్ల మీద నిలబడింది. వాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతుంటే, వాళ్ల తర్వాతి తరాన్ని తయారుచేసే ఏర్పాటు దాని దగ్గర లేకపోయింది. అదే కాలంలో తత్త్వశాస్త్రం విశ్వవిద్యాలయ ఉద్యోగంగా మారింది.

## ముందుగా పేర్ల గందరగోళం

ఆల్కాట్ అనగానే తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది దివ్యజ్ఞాన సమాజాన్ని స్థాపించినవాళ్లలో ఒకరైన కర్నల్ హెన్రీ స్టీల్ ఆల్కాట్. 1882లో మేడమ్ బ్లావట్‌స్కీతో కలిసి బకింగ్‌హాం కాలువ మీద పడవలో నెల్లూరు వచ్చి, గుంటూరు దాకా వెళ్లింది ఆయనే. కాంకర్డ్ బడి పెట్టిన ఏమస్ బ్రాన్సన్ ఆల్కాట్ వేరే మనిషి. ఇంగ్లీషు స్పెల్లింగులో కర్నల్ పేరు ‘ఓ’తో, ఈయన పేరు ‘ఏ’తో మొదలవుతుంది. తెలుగులో రాసేసరికి ఇద్దరూ ఒకటైపోతారు. పైగా సంవత్సరం కూడా ఒకటే. కర్నల్ ఆల్కాట్ 1879 ఫిబ్రవరిలో బొంబాయిలో దిగారు, బ్రాన్సన్ ఆల్కాట్ అదే ఏడు జూలైలో కాంకర్డ్‌లో బడి తెరిచారు.

ఇంకో పొరపాటుకూ అవకాశం ఉంది. కాంకర్డ్ పేరుమోసిన అమెరికన్ రచయిత, తాత్త్వికుడు రాల్ఫ్ వాల్డో ఎమర్సన్ ఊరు కాబట్టి బడి కూడా ఆయనదే అనిపిస్తుంది. బడి మొదలయ్యేనాటికి ఎమర్సన్‌కు 76 ఏళ్లు, జ్ఞాపకశక్తి బాగా తగ్గిపోయింది. మొదటి వేసవిలో ఆయన చదివిన ఉపన్యాసం ‘జ్ఞాపకం’ గురించే. పాత కాగితాల నుంచి చదువుతుంటే పేజీలు తారుమారు కాకుండా కూతురు ఎలెన్ పక్కనుండి చూసుకునేది. ఆ సభకు వచ్చినవాళ్లలో చాలామందికి ఆయన్ని చూడటమే చాలు. బడికి ఎమర్సన్ ఇచ్చింది తన పేరు, ఒకటి రెండు ఉపన్యాసాలు. నడిపించింది ఇతరులు.

## ముగ్గురు మనుషులు, మూడు దారులు

బ్రాన్సన్ ఆల్కాట్ 1799లో కనెక్టికట్‌లో పేద రైతు కుటుంబంలో పుట్టారు. కాలేజీ గడప తొక్కలేదు. కుర్రతనంలో దక్షిణాది రాష్ట్రాల్లో ఇల్లిల్లూ తిరిగి చిల్లర సామాను అమ్మారు. 1834లో బోస్టన్‌లో టెంపుల్ స్కూల్ అనే బడి పెట్టి, పిల్లలకు పాఠం వల్లె వేయించడం మానేసి ప్రశ్నలు అడిగి మాట్లాడించే పద్ధతి తెచ్చారు. సువార్తల మీద పిల్లలతో జరిపిన సంభాషణలు అచ్చు వేస్తే ఊరు మండిపడింది. తర్వాత పెట్టిన చిన్న బడిలో ఒక నల్లజాతి అమ్మాయిని చేర్చుకుంటే మిగతా తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించారు. 1843లో ఫ్రూట్‌లాండ్స్ అనే సమష్టి వ్యవసాయ క్షేత్రం మొదలుపెడితే చలికాలం దాటకుండానే ఆగిపోయింది. చాలా ఏళ్లు కుటుంబాన్ని భార్య కష్టమే నిలబెట్టింది. తర్వాత కూతురు లూయీసా మే ఆల్కాట్ 1868లో ‘లిటిల్ విమెన్’ రాసి అప్పులు తీర్చింది. పెద్దలకోసం ఒక విద్యాపీఠం పెట్టాలని ఆయన 1840 నాటికే ఎమర్సన్‌తో చర్చించారు. అది నెరవేరేసరికి ఆయనకు 79 ఏళ్లు. ఆ నలభై ఏళ్ల ఎదురుచూపు తెలియకపోతే, ఈ బడి ఒక ముసలాయన సరదాలాగా కనిపించే ప్రమాదం ఉంది.

రెండోవారు విలియం టోరీ హారిస్. సెయింట్ లూయిస్ నగరంలో ప్రభుత్వ పాఠశాలల సూపరింటెండెంట్. 1873లో సూసన్ బ్లోతో కలిసి అమెరికాలో మొదటి ప్రభుత్వ కిండర్‌గార్టెన్‌ను తెరిపించింది ఆయనే. అంతకుముందే, 1867లో, తాత్త్విక చింతనకోసం ఒక పత్రిక మొదలుపెట్టారు. ఇంగ్లీషులో పూర్తిగా తత్త్వశాస్త్రానికే కేటాయించిన తొలి అమెరికన్ పత్రిక అది. ఆయన రాసిన విమర్శను ఒక పేరున్న పత్రిక తిప్పి పంపడంతో సొంత పత్రికే పెట్టేశారు. హారిస్ చుట్టూ ఉన్న బృందం జర్మన్ తాత్త్వికుడు హెగెల్‌ను ప్రాణంగా చదివింది. వాళ్లలో స్కూలు టీచర్లు, లాయర్లు ఉన్నారు. వాళ్లకు హెగెల్‌ను పరిచయం చేసిన హెన్రీ బ్రోక్‌మేయర్ జర్మనీ నుంచి వలస వచ్చి, తర్వాత మిస్సోరి రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు.

మూడోవారు ఫ్రాంక్లిన్ శాన్‌బోర్న్. బానిసత్వాన్ని ఆయుధాలతో ఎదిరించిన జాన్ బ్రౌన్‌కు రహస్యంగా డబ్బు సమకూర్చిన ఆరుగురిలో ఒకరు. 1860లో ఆయన్ని అరెస్టు చేయడానికి అధికారులొస్తే కాంకర్డ్ జనం అడ్డుపడి విడిపించారు. బడికి కార్యదర్శిగా ఉత్తరాలు, ప్రకటనలు, పత్రికలవాళ్లతో వ్యవహారం అంతా ఈయన చేతిమీదే సాగింది. డైరెక్టర్‌గా ఇల్లినాయ్ రాష్ట్రం క్విన్సీ నుంచి వచ్చిన శామ్యూల్ ఎమెరీ ఉండేవారు.

## 1879లోనే ఎందుకు?

అమెరికాలో ఉపన్యాసం వినడం అప్పటికే పాత అలవాటు. 1826లో జోసయా హోల్‌బ్రూక్ మసాచుసెట్స్‌లోనే లైసియం అనే ఉపన్యాస సంఘాల పద్ధతి మొదలుపెట్టారు. చలికాలం సాయంత్రాల్లో ఊరి హాల్లో టికెట్టు కొని సైన్సు, చరిత్ర, ప్రయాణాల గురించి వినేవాళ్లు. ఎమర్సన్ బతుకుతెరువు చాలావరకు ఈ సభల మీదే సాగింది. లోటు ఏమిటంటే, వక్త ఒక రాత్రి మాట్లాడి పొద్దున్నే రైలెక్కి వెళ్లిపోతాడు. ప్రశ్న మిగిలిపోతుంది, వక్త మిగలడు.

దీనికి విరుగుడు వేసవిలో దొరికింది. 1873లో ప్రకృతి శాస్త్రవేత్త లూయీ అగాసీ పెనికీస్ అనే చిన్న దీవిలో టీచర్లకోసం వేసవి బడి నడిపారు. మరుసటి ఏడు న్యూయార్క్ రాష్ట్రంలోని షటాక్వా సరస్సు ఒడ్డున జాన్ విన్సెంట్, లూయిస్ మిల్లర్ కలిసి ఆదివారపు బైబిల్ బడుల టీచర్లకు శిక్షణ మొదలుపెట్టారు. అది కొన్నేళ్లలోనే అన్ని విషయాలకూ విస్తరించింది. టీచర్లకు సెలవులు వేసవిలోనే, రైళ్లు అన్ని ఊళ్లకూ వచ్చేశాయి, ఎండాకాలంలో నగరం వదిలి పచ్చని చోటికి వెళ్లే అలవాటు మధ్యతరగతిలో పెరిగింది. కాంకర్డ్‌కు బోస్టన్ నుంచి రైలు 1840ల నుంచే ఉంది.

ఇవి బయటి కారణాలు. లోపలిది వేరు. డార్విన్ పుస్తకం 1859లో వచ్చాక చదువుకున్న క్రైస్తవ కుటుంబాల్లో ఒక అశాంతి మొదలైంది. ఆత్మ, దేవుడు, స్వేచ్ఛ అనే మాటలకు ఇంకా అర్థం ఉందా లేదా అని అడిగితే చర్చి చెప్పే జవాబు చాలలేదు, ప్రయోగశాల జవాబు మింగుడుపడలేదు. హెగెల్‌ను చదివినవాళ్లు మూడో దారి ఉందన్నారు. ప్రపంచం మారుతుందని ఒప్పుకుంటూనే ఆ మార్పుకు ఒక బుద్ధి, ఒక దిశ ఉన్నాయని వాళ్ల వాదన. దీన్ని వినాలన్న ఆరాటం నిజమైనది. అప్పటి పత్రికలు ఈ సభల్ని ఎంత ఎగతాళి చేసినా వచ్చినవాళ్ల ఆరాటాన్ని తక్కువ చేయడం తప్పు.

ఆల్కాట్ ఏళ్ల తరబడి పశ్చిమ రాష్ట్రాల్లో సంభాషణ సభలు నడుపుతూ తిరగడం వల్లనే ఈ రెండు గుంపులు కలిశాయి. అమెరికా ఈశాన్య ప్రాంతమైన న్యూ ఇంగ్లండ్‌లో ట్రాన్సెండెంటలిస్టులు అని పేరుపడినవాళ్లు, అంటే ఇంద్రియాలకు అందని సత్యం మనసుకు నేరుగా తెలుస్తుందని నమ్మినవాళ్లు ఒకవైపు. సెయింట్ లూయిస్, క్విన్సీ, జాక్సన్‌విల్ ఊళ్లలోని హెగెల్, ప్లేటో చదువరులు మరోవైపు. కాంకర్డ్ బడి నిజానికి పడమటి ఊళ్ల పఠన బృందాలు తూర్పుకు వచ్చి, ఎమర్సన్ ఊళ్లో పెట్టుకున్న బడి.

## బడి ఎలా నడిచేది

1879 జూలై 15న ఆల్కాట్ ఇల్లు ఆర్చర్డ్ హౌస్‌లో, ఆయన పుస్తకాల గదిలోనే మొదటి సమావేశం జరిగింది. జనానికి ఆ గది చాలలేదు. న్యూయార్క్‌కు చెందిన దాత ఎలిజబెత్ థాంప్సన్ 1,000 డాలర్లు ఇవ్వడంతో, 1880 వేసవికల్లా ఇంటి వెనక కొండవాలులో చెక్కతో ఒక చిన్న హాలు లేచింది. దానికి హిల్‌సైడ్ చాపెల్ అని పేరు. చాపెల్ అన్నారు గానీ అందులో పూజలు జరగలేదు.

మొదటి ఏడు ఐదు వారాలు నడిచింది. పొద్దున 9 గంటలకు ఒక ఉపన్యాసం, రాత్రి ఏడున్నరకు ఇంకొకటి. ప్రతి దాని తర్వాత చర్చ. పది ఉపన్యాసాల తరగతికి ఫీజు 3 డాలర్లు, మొత్తం అన్నిటికీ కలిపి 15 డాలర్లు. ఊళ్లో భోజనం, బస వారానికి 6 నుంచి 12 డాలర్లు. అంటే ఐదు వారాలుండే మనిషికి చదువు కన్నా బస ఖర్చే రెట్టింపు, మొత్తం యాభై డాలర్ల దాకా అవుతుంది. ఈ లెక్కను బట్టే ఎవరు రాగలరో తెలిసిపోతుంది. చేతిలో కొంత డబ్బున్న టీచర్లు, పాస్టర్లు, పెళ్లికాని చదువుకున్న స్త్రీలు, వేసవి విడిదికి వచ్చిన కుటుంబాలు. మిల్లు కార్మికులు రాలేరు. తలుపు అందరికీ తెరిచే ఉంది, దారిఖర్చే దాన్ని కొందరికి మూసింది.

స్త్రీల సంగతి మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. హార్వర్డ్ తరగతుల్లో అప్పుడు వాళ్లకు చోటు లేదు. హార్వర్డ్ అధ్యాపకులు స్త్రీలకు విడిగా పాఠాలు చెప్పే ఏర్పాటు మొదలైంది 1879లోనే. అది రాడ్‌క్లిఫ్ కాలేజీగా గుర్తింపు పొందింది 1894లో. కాంకర్డ్‌లో మొదటి రోజు నుంచీ స్త్రీలు మగవాళ్ల పక్కనే కూర్చుని విన్నారు, ప్రశ్నించారు. వేదిక మీదా ఉన్నారు. ఎడ్నా డౌ చీనీ కళ గురించి, జూలియా వార్డ్ హోవ్ ఆధునిక సమాజం గురించి మాట్లాడారు. కిండర్‌గార్టెన్ ఉద్యమానికి ఆద్యురాలు ఎలిజబెత్ పీబడీ కూడా వక్తల్లో ఉన్నారు.

అయితే ఆ ఇంటి ఆడపడుచే ఈ బడిని మెచ్చలేదు. ఊరంతా కుర్ర తాత్త్వికులు నిండిపోయారని, గింజల కోసం కోళ్లు చేరినట్టు మా మెట్ల మీద చేరుతున్నారని లూయీసా మే ఆల్కాట్ డైరీలో రాసుకున్నారు. చేయాల్సిన అసలు పని అంత ఉండగా ఊహల్లో కాలం గడపడం వృథా అని ఆమె అభిప్రాయం. ఆ మాటను విసుగుగా మాత్రమే చదవకూడదు. వచ్చేపోయేవాళ్లకు వండి పెట్టడం, ఇల్లు నడపడం ఆమె భారమే. ఆమె దృష్టిలో అసలు పని అంటే ఏమిటో 1880 మార్చిలో తెలిసింది. స్కూలు కమిటీ ఎన్నికల్లో స్త్రీలకు ఓటు ఇస్తూ మసాచుసెట్స్ చట్టం చేశాక, కాంకర్డ్ సభకు వెళ్లి ఓటు వేసిన ఇరవై మంది స్త్రీలలో ఆమె ఒకరు.

## ఒకే కప్పు కింద ప్లేటో, హెగెల్

బయటికి ఒకే బడి. లోపల రెండు పద్ధతులు. ఆల్కాట్‌ది సంభాషణ. ఒక మాట తీసుకుని, దాని చుట్టూ తిరుగుతూ, వినేవాళ్లచేత పలికించడం. హారిస్‌ది కట్టుదిట్టమైన తర్కం. మొదటి మెట్టు ఒప్పుకుంటే చివరి మెట్టు దాకా తప్పించుకునే దారి ఉండదు. వార్తాపత్రికలకు హారిస్ వాక్యాలు అర్థంకాక ఎగతాళి చేశాయి గానీ, వేసవి వేసవికీ ఆయన ఉపన్యాసాల బరువే పెరిగింది.

ఇల్లినాయ్‌లోని జాక్సన్‌విల్‌లో డాక్టరుగా పనిచేస్తూ ప్లేటోకు అంకితమైన హైరమ్ జోన్స్ మొదటి కొన్నేళ్లు ముఖ్య వక్త. 1882 తర్వాత ఆయన కాంకర్డ్ వైపు రాలేదు. మరుసటి ఏడే తన ఊళ్లో అమెరికన్ అకాడమీ అనే సంఘం పెట్టుకున్నారు. ఆ తర్వాత కాంకర్డ్‌లో హెగెల్ గొంతే పైకి వినిపించింది.

బయటివాళ్లూ వచ్చారు. యేల్ అధ్యక్షుడు నోవా పోర్టర్, ప్రిన్స్‌టన్ అధ్యక్షుడు జేమ్స్ మెకాష్, హార్వర్డ్ గణిత ఆచార్యుడు బెంజమిన్ పియర్స్ ఇక్కడ మాట్లాడారు. 1883లో హార్వర్డ్ తాత్త్వికుడు విలియం జేమ్స్ మనస్తత్వశాస్త్రం మీద ఉపన్యాసాలిచ్చారు. అది గమనించాల్సిన సంగతి. కాంకర్డ్ బడి తెరిచిన 1879లోనే జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ మనస్తత్వ ప్రయోగశాల పెట్టారు. మనసు గురించి కొండవాలు హాల్లో కూర్చుని మాట్లాడుకోవడం, మనసును యంత్రాలతో కొలవడం ఒకే ఏడు మొదలయ్యాయి. జేమ్స్ ఆ రెండు ప్రపంచాల్నీ ఎరిగినవాడు.

ఇంకో వక్త ఎప్పుడో చనిపోయిన మనిషి. 1862లో మరణించిన కాంకర్డ్ రచయిత హెన్రీ డేవిడ్ థోరో రాతప్రతులు ఆయన స్నేహితుడు బ్లేక్ దగ్గర ఉండేవి. అప్పటికి అచ్చుకాని ఆ పేజీలను ఆయన కాంకర్డ్‌లో చదివి వినిపించారు. థోరో పేరు మరుగున పడకుండా నిలవడంలో ఆ సాయంత్రాల పాత్ర తక్కువేమీ కాదు.

## భారతదేశంతో తగిలిన దారాలు

కాంకర్డ్‌కు భారతీయ గ్రంథాలు కొత్త కాదు. చార్లెస్ విల్కిన్స్ 1785లో ఇంగ్లీషు చేసిన భగవద్గీతను ఎమర్సన్, థోరో, ఆల్కాట్ ముగ్గురూ చదివారు. బుద్ధుడి జీవితం మీద ఎడ్విన్ ఆర్నాల్డ్ రాసిన ఇంగ్లీషు కావ్యం 1879లో వచ్చినప్పుడు, దాన్ని అమెరికాలో అచ్చు వేయించడానికి పట్టుబట్టినవాడు బ్రాన్సన్ ఆల్కాట్. అదే కావ్యం ఆధారంగా తిరుపతి వేంకట కవులు తెలుగులో బుద్ధచరిత్ర రాశారు.

బ్రహ్మసమాజ నాయకుడు ప్రతాప్ చంద్ర మజుందార్ 1883లో అమెరికా వెళ్లి కాంకర్డ్‌లో ఎమర్సన్ ఇంట్లో ప్రసంగించారు. 1884 వేసవి ప్రధానంగా ఎమర్సన్ గురించి జరిగింది. ఆ ఉపన్యాసాల సంపుటంలో భారతదేశం నుంచి చూస్తే ఎమర్సన్ ఎలా కనిపిస్తారో చెప్పే మజుందార్ వ్యాసం ఉంది.

అన్నిటికన్నా ఆసక్తికరమైన దారం శాన్‌బోర్న్ ద్వారా వచ్చింది. స్వామి వివేకానంద 1893 ఫిబ్రవరి 13న సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో తన పాశ్చాత్య దేశ యాత్ర ఉద్దేశం గురించి మాట్లాడారు. ఆరు నెలల తర్వాత మసాచుసెట్స్‌లో కేట్ శాన్‌బోర్న్ అనే రచయిత్రి ఇంట్లో అతిథిగా ఉన్నారు. ఆమె బంధువు ఫ్రాంక్లిన్ శాన్‌బోర్న్ అక్కడ ఆయన్ని కలిసి, షికాగో సభకు ముందే సరటోగాలో జరిగిన అమెరికన్ సోషల్ సైన్స్ అసోసియేషన్ సమావేశంలో మాట్లాడించారు. అప్పటికి కాంకర్డ్ బడి ఆగి ఐదేళ్లు. కానీ దూరదేశం మనిషి వస్తే పిలిచి కూర్చోబెట్టి వినే అలవాటు ఆ బడి కార్యదర్శిలో అలాగే ఉంది.

## ఎందుకు ఆగింది

1882 ఏప్రిల్‌లో ఎమర్సన్ చనిపోయారు. అదే అక్టోబరులో ఆల్కాట్‌కు పక్షవాతం వచ్చింది. ఆ తర్వాత ఆయన వేదిక ఎక్కి సంభాషణ నడపలేకపోయారు. 1884లో ఆర్చర్డ్ హౌస్‌ను హారిస్ కొనుక్కున్నారు. బడి నడిచే తీరు కూడా మారింది. ఐదు వారాలు పోయి రెండు వారాలకు తగ్గింది. విడివిడి తరగతుల బదులు ఏడాదికొక పేరు ప్రధానంగా తీసుకున్నారు. 1884లో ఎమర్సన్, 1885లో జర్మన్ కవి గోథే, 1886లో ఇటలీ కవి డాంటే, 1887లో అరిస్టాటిల్. ఒకే అంశం ఉంటే ప్రకటన సులువు, ఉపన్యాసాలన్నీ కలిపి పుస్తకం వేయడం సులువు. ఎమర్సన్, గోథే సంపుటాలు అలాగే వచ్చాయి. కానీ దానివల్ల తత్త్వశాస్త్ర బడి మెల్లగా సాహిత్య సదస్సు అయింది.

1888 మార్చి 4న ఆల్కాట్ పోయారు. రెండు రోజులకే లూయీసా కూడా పోయారు. ఆ వేసవిలో ఆల్కాట్ సంస్మరణ సభ ఒక్కటే జరిగింది. అంతటితో బడి ముగిసింది.

చావులే కారణమంటే సగమే చెప్పినట్టు. షటాక్వాతో పోల్చి చూస్తే మిగతా సగం కనిపిస్తుంది. షటాక్వాకు సొంత భూమి ఉంది, సభ్యత్వం ఉంది. 1878లో మొదలైన నాలుగేళ్ల పఠన కోర్సు ఉంది. ఇంట్లో కూర్చుని చదివినవాళ్లకు చివర్లో ధ్రువపత్రం ఇచ్చేవాళ్లు. స్థాపకులు పోయినా ఈ యంత్రాంగం తిరుగుతూనే ఉంది, ఇప్పటికీ ఉంది. కాంకర్డ్ దగ్గర ఒక చెక్క హాలు, కొందరు పెద్దల మాట ఉన్నాయి. మూలధనం లేదు. ఏడాది పొడవునా చదివించే ఏర్పాటు లేదు. వచ్చినవాళ్లు శ్రోతలుగా వచ్చి శ్రోతలుగానే వెళ్లారు, వాళ్లలోంచి రేపటి వక్త తయారయ్యే దారి లేదు. పట్టా ఇవ్వకపోవడం ఆ బడి స్వేచ్ఛకు మూలం. తర్వాతి తరం దానికి లేకుండా పోవడానికీ అదే మూలం.

ఆ తర్వాతి తరం తయారైంది విశ్వవిద్యాలయాల్లో. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం 1876లో జర్మన్ పద్ధతిలో పరిశోధన పట్టాలు ఇవ్వడానికి తెరుచుకుంది. తర్వాత పెద్ద తాత్త్వికుడిగా పేరుపొందిన జాన్ డ్యూయీ ఉదాహరణ చూస్తే ఈ మార్పు బాగా తెలుస్తుంది. స్కూలు టీచరుగా ఉన్న రోజుల్లో తన తొలి వ్యాసాన్ని హారిస్‌కు పంపి, ఇది తత్త్వశాస్త్రాన్నే వృత్తిగా తీసుకోదగ్గ రాతేనా అని అడిగాడు. హారిస్ ప్రోత్సహించి 1882లో తన పత్రికలో అచ్చువేశారు. డ్యూయీ అక్కడినుంచి వెళ్లింది కాంకర్డ్‌కు కాదు, జాన్స్ హాప్కిన్స్‌కు. 1884లో పరిశోధన పట్టా తీసుకుని విశ్వవిద్యాలయ అధ్యాపకుడయ్యాడు. 1892లో ‘ఫిలసాఫికల్ రివ్యూ’ పత్రిక, 1901లో అమెరికన్ ఫిలసాఫికల్ అసోసియేషన్ అనే వృత్తి సంఘం వచ్చాయి. ఇక తాత్త్వికుడంటే విశ్వవిద్యాలయంలో జీతం తీసుకునే మనిషి. డాక్టరు జోన్స్, స్కూలు సూపరింటెండెంట్ హారిస్, కాలేజీ చదవని ఆల్కాట్ లాంటివాళ్లు ఆ గుమ్మం దాటలేరు.

ఈ మార్పుతో లాభమూ ఉంది. తర్కం పదునెక్కింది, పాత గ్రంథాలను మూలభాషల్లో చదవడం పెరిగింది, ఉపన్యాసంలో చెప్పిన మాటకు ఆధారం చూపాల్సి వచ్చింది. కాంకర్డ్ ఉపన్యాసాల్లో కొన్ని ఈ పరీక్షకు నిలవవు. పోయింది మాత్రం ఒక రకమైన శ్రోత. సెలవుల్లో సొంత డబ్బుతో వచ్చి, చదువుతో ఏ ఉద్యోగమూ ఆశించకుండా, ఆత్మ అంటే ఏమిటని అడిగిన టీచరమ్మకు కొత్త ఏర్పాటులో కుర్చీ వేయలేదు.

## ముక్కలు ఎక్కడికి వెళ్లాయి

హారిస్ 1889లో అమెరికా ప్రభుత్వ విద్యా కమిషనర్ అయి 1906 వరకు ఆ పదవిలో ఉన్నారు. దేశంలోని బడుల తీరుపై ఆయన ప్రభావం కాంకర్డ్ ఉపన్యాసాలకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. కాంకర్డ్ వక్తల్లో ఒకరైన థామస్ డేవిడ్‌సన్ న్యూయార్క్ రాష్ట్రంలోని ఎడిరాండాక్ కొండల్లో గ్లెన్‌మోర్ అనే చోట తన సొంత వేసవి బడి పెట్టి, 1900లో చనిపోయేదాకా నడిపారు. అక్కడ డ్యూయీ, హారిస్, హార్వర్డ్ తాత్త్వికుడు జోసయా రాయిస్ మాట్లాడారు. మెయిన్ రాష్ట్రంలోని ఎలియట్‌లో సారా ఫార్మర్ 1894లో గ్రీన్‌ఏకర్ వేసవి సభలు మొదలుపెట్టారు. మొదటి వేసవిలోనే వివేకానంద అక్కడికి వెళ్లి పైన్ చెట్టు కింద కూర్చుని వేదాంతం బోధించారు.

ఆర్చర్డ్ హౌస్ 1912లో మ్యూజియంగా తెరుచుకుంది. ఎక్కువమంది వెళ్లేది ‘లిటిల్ విమెన్’ రాసిన బల్ల చూడటానికే. ఇంటి వెనక హిల్‌సైడ్ చాపెల్ ఇప్పటికీ నిలబడి ఉంది. మ్యూజియంవాళ్లు వేసవిలో అక్కడ సంభాషణ సదస్సులు నడుపుతున్నారు.